సూది కన్నా ముందు వేలికొసలు

కిడ్నీ వైద్యం ఎలా ఎదిగిందో చెప్పమంటే అందరూ యంత్రాల గురించే చెబుతారు. మంచం పక్కన నిలబడి వాపు చూసి, మూత్రం కొలిచి, బరువు రాసుకున్న నర్సుల ఊసు తక్కువ.

1827లో లండన్ గైస్ ఆసుపత్రి డాక్టరు రిచర్డ్ బ్రైట్, ఒంటికి నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాచేవాడు. తెల్లగా పేరుకుంటే కిడ్నీ చెడిందని గుర్తు. జబ్బు తెలిసింది కానీ, చికిత్సకు వందేళ్లకు పైనే పట్టింది. 1943లో నాజీల ఆక్రమణలోని నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ కృత్రిమ కిడ్నీ తయారుచేశాడు. 1960లో సియాటిల్‌లో, రక్తనాళాలకు అమర్చి ఉంచే గొట్టం ‘స్క్రిబ్నర్ షంట్’ వచ్చాక ఒకే మనిషికి మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయడం వీలైంది.

నర్సు పనిని నిజంగా మార్చింది 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెసియా, సిమినోలు వెలుగులోకి తెచ్చిన ఫిస్టులా. చేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. సూది పెట్టే ముందు సిస్టర్ వేలికొసలతో అక్కడ తడిమి చూస్తుంది. లోపల సన్నటి అదురు తగలాలి, స్టెతస్కోప్ పెడితే జుయ్యిమని వినబడాలి. అదురు తగలకపోతే రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు.

మా వైపు సంగతి చూస్తే, వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. దాని బోధనాసుపత్రి ఎంజీఎంకు ఉమ్మడి వరంగల్ పల్లెల నుంచి షుగరు, బీపీలతో కిడ్నీలు చెడినవాళ్లే కాదు, పాము కరిచినవాళ్లు, గడ్డిమందు తాగినవాళ్లు కూడా వస్తారు. ఇలాంటి కేసుల్లో యూరిన్ బ్యాగే మొదటి సాక్షి. రోజంతా కలిపి 400 మిల్లీలీటర్లకు తగ్గిందంటే ప్రమాదమే. ఆ తగ్గుదలను గంటగంటకూ రాసే సిస్టరే అందరికన్నా ముందు పసిగడుతుంది.

2007లో ఆరోగ్యశ్రీ, 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చాయి. పేదలకు ఉచిత డయాలసిస్ దగ్గరైంది. లేకపోతే హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 140 కిలోమీటర్లు; వారానికి రెండు మూడుసార్లు అంత దూరం పోయి రావడం ఏ కూలి కుటుంబం వల్ల అవుతుంది?

డయాలసిస్ రోజున మొదటి పని బరువు తూచడం. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుకన్నా ఎంత పెరిగితే, దాదాపు అంత నీరు చేరినట్టే.

“నీళ్లు ఎక్కువ తాగినవా అన్నా?”

“దూప ఆగలే సిస్టర్.”

మజ్జిగ, చారు, చాయ్ కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయని ఓపికగా మళ్లీ చెప్పాలి. ప్రేమతో చుట్టాలు తెచ్చే కొబ్బరిబోండాన్ని వద్దనాలి. అందులోని పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పవచ్చు. యంత్రం నడపడానికి టెక్నీషియన్ ఉన్నా, ఈ మాటలకు తీరిక ఉన్న నర్సు ప్రతి కేంద్రంలోనూ ఉండాలి. భారత నర్సింగ్ కౌన్సిల్ కిడ్నీ నర్సింగ్‌లో ప్రత్యేక డిప్లొమాకు పాఠ్యప్రణాళిక ఇచ్చింది. ఆ చదువు జిల్లా సిస్టర్ల దాకా రావాలన్నది నా గట్టి కోరిక. ఎందుకంటే డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోవచ్చు. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాకే ఆ మనిషిని పరకాల బస్సుకో, నర్సంపేట బస్సుకో పంపాలి.