కర్ర, గొడుగు, రెండు చేతులు

తొలకరికి ముందు ముదినేపల్లి సెంటర్లో కొట్ల ముందు గొడుగులు వేలాడదీస్తారు. వంకీ పిడి ఉన్న పొడుగు నల్ల గొడుగూ ఉంటుంది, మూడు మడతల పొట్టి గొడుగూ ఉంటుంది. కుర్రవాళ్ళు పొట్టిది కొంటారు. అరవై దాటినవాళ్ళు పొడుగుదే అడుగుతారు. అడిగినవాళ్ళు దాన్ని విప్పి గుడ్డ చూడరు. మూసినదాన్ని నేలకి ఆనించి, ఒళ్ళు కొంచెం దాని మీద మోపి చూస్తారు. వాళ్ళకి కావలసింది చేతికర్ర. కర్ర పట్టుకున్నారంటే ముసలివాళ్ళయ్యారని నలుగురూ అంటారు గనక, ఆ పేరు లేకుండా కర్ర కొనుక్కుంటున్నారు.

చేతికర్రనీ గొడుగునీ ఒక్కటి చేయాలని మనుషులు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలకి సైన్సు ప్రాజెక్టు కోసం మేము ఈ సంగతి ఎత్తుకున్నాం. తవ్వేకొద్దీ అది చరిత్ర పాఠం అయింది. ఎవరు గొడుగు పట్టొచ్చు, ఎవరి చేతిలో కర్ర ఉంటే అనుమానించాలి, ఎవరు ఊరు దాటి నడవొచ్చు అన్నవి ఒకప్పుడు కట్టుబాట్లూ చట్టాలూ తేల్చిన విషయాలు. పాఠ్యపుస్తకాల్లో రాజుగారి గొడుగు ఉంది. మన గొడుగు లేదు.

రాజుగారి గొడుగుతోనే మొదలుపెడదాం. మన పాత కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట స్తూపం దగ్గర రెండు వేల ఏళ్ళ నాటి చక్రవర్తి శిల్పం దొరికింది. మబ్బుల్లోంచి నాణేలు వానలా రాలుతుంటాయి, రాజు తల మీద గొడుగు ఉంటుంది. ఎవరి పాలన ఎదురులేకుండా సాగినా ఏకచ్ఛత్రాధిపత్యం అంటాం. ఛత్రం అంటే గొడుగే. దేవుడి ఊరేగింపులో గొడుగు, పీఠాధిపతికి గొడుగు. బ్రాహ్మణుల పెళ్ళిళ్ళలో కాశీయాత్రకి బయలుదేరే పెళ్ళికొడుకు చేతిలో గొడుగూ కర్రా రెండూ ఉంటాయి. రెండు చేతులూ నిండిపోతే మూట ఎవరు మోస్తారు సార్ అని మా క్లాసులో ఒక పిల్ల అడిగింది. ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ రావాలి.

గొడుగు పెద్దరికానికి గుర్తయ్యాక చిన్నవాళ్ళకి అది నిషేధం కావడం ఎంతసేపు? తిరువాన్కూరు సంస్థానంలో నాడార్లు, ఈళవులు గొడుగు పట్టకూడదు, చెప్పులు తొడగకూడదు. మన పల్లెల్లో రాతకోతల్లో లేకపోయినా పద్ధతి అలాంటిదే. కామందు ఎదురైతే గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని పక్కకి నిలబడాల్సి వచ్చేదని మా పెద్దలు చెబుతారు. వాన కురుస్తున్నా సరే. ఇది ఎప్పటిదో పాతకాలం మాట అనుకునే పిల్లలకి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో ఎలా సవరించారో చూపిస్తాం. చెప్పులు తొడగకుండా, కొత్త బట్టలు కట్టకుండా, సైకిలు ఎక్కకుండా అడ్డుపడటం నేరమని అందులో విడిగా రాయాల్సి వచ్చింది. ఎక్కడా జరగనిదైతే అలా రాసే పని ఉండదు.

మరి గొడుగు పట్టనివ్వని మనుషులు వానలో ఏం చేశారు? తడవలేదు. అల్లుకున్నారు. కొల్లేటి చుట్టుపక్కల జమ్ము విస్తారంగా పెరుగుతుంది. జమ్ము ఆకు లోపల గాలి గదులుంటాయి, అందుకే ఎంత అల్లినా బరువు తేలదు. దాంతో తల మీంచి వీపు దాకా వచ్చేలా గూడ అల్లేవాళ్ళు. బోర్లించిన చిన్న పడవలా ఉంటుంది. తాటాకుతో చేసి తలకి పెట్టుకునేది గిడుగు. సవర భాషకి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి గారి ఇంటిపేరుకి అర్థం అదే. ఆగస్టు 29న బడుల్లో ఆయన పటానికి దండ వేస్తాం. ఆ ఇంటిపేరు ఒక తాటాకు గొడుగు అని ఆ రోజు పిల్లలకి చెబితే బాగుంటుంది.

గూడకీ గొడుక్కీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. గొడుగు నిటారుగా నిలబడ్డవాడికి పనికొస్తుంది. వంగి నాట్లు వేసే మనిషికి గొడుగు ఎవరు పడతారు? ఆమెకి తడిసేది వీపు. గూడ వీపుని కప్పి రెండు చేతుల్నీ పనికి వదిలేస్తుంది. ఎవరి ఒంటిని బట్టి, ఎవరి పనిని బట్టి ఒక వస్తువు పుట్టిందో దాని ఆకారమే చెబుతుంది.

ఇక కర్ర సంగతి. ఊళ్ళో మునసబు చేతిలో ఉంటే అది పొన్నుకర్ర. పొన్ను అంటే కర్ర అడుగున చీలకుండా వేసే లోహపు కట్టు. అది టకటకమంటూ వస్తుంటే అరుగుల మీదవాళ్ళు లేచేవాళ్ళు. మా ఎరుకల ఆడవాళ్ళ చేతిలో చిన్న కర్ర ఉండేది, చంకలో బుట్టతో పాటు, ఎరుక చెప్పడానికి. మగవాళ్ళ చేతిలో కర్ర ఉంటే మాత్రం లెక్క వేరు. మేము నడిచి బతికిన జాతి. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు, కరివేపాకు గాడిదల మీద లోపలి ఊళ్ళకి మోసి, ధాన్యం తెచ్చుకునేవాళ్ళం. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల అన్న పేర్లు అలా వచ్చినవే. రైలు పడ్డాక ఆ వ్యాపారం పోయింది. నడిచేవాళ్ళు నడుస్తూనే ఉన్నారు గానీ సరుకు లేదు. సరుకు లేకుండా కర్ర పట్టుకుని తిరిగే మనుషుల్ని సర్కారు దొంగలంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అప్పుడు వచ్చినవే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

ఒక సంగతి పిల్లలు నమ్మరు. పోలీసు లాఠీ చేసేది, మేము బుట్టలకి దబ్బలు చీల్చేదీ వెదురుతోనే. లాఠీకి లోపల దాదాపు గుల్ల లేని గట్టి వెదురు ఏరుతారు. ఇప్పుడు ప్లాస్టిక్ లాఠీలు వచ్చాయనుకోండి. అడవి నుంచి వెదురు తెచ్చుకోవడమూ నేరంగానే ఉండేది. 1927 అటవీ చట్టం వెదురుని చెట్టు కింద లెక్క కట్టింది. అది గడ్డి జాతి అని మా తాతలకి తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. అడవి బయట పెరిగే వెదురు విషయంలో పాత చట్టాన్ని 2017 చివర్లో మార్చారు.

ఇప్పుడు కర్రా గొడుగూ ఒకటి కావడం. ఇది ఐరోపాలో జరిగింది. అక్కడ మగవాడు గొడుగు పట్టడం చాలాకాలం నామోషీ. 18వ శతాబ్దం నడిమిలో జోనాస్ హాన్వే లండన్ వీధుల్లో గొడుగుతో తిరిగితే జనం వెక్కిరించారు. అద్దె బళ్ళవాళ్ళకి మరీ కోపం, వాన పడితే వాళ్ళకి గిరాకీ కదా. అప్పటి గొడుగుకి తిమింగలం నోట్లోని పలకల్ని చీల్చి ఊచలుగా వేసేవాళ్ళు. బరువు, లావు. అలాంటిదాన్ని చేతికర్రలా పట్టుకోవడం కుదరదు. 1852లో ఇంగ్లండులోని షెఫీల్డు దగ్గర శామ్యూల్ ఫాక్స్ అనే తీగల తయారీదారు, అడ్డంగా కోసి చూస్తే యు అక్షరంలా కనిపించే సన్నని ఉక్కు ఊచలు చేశాడు. రేకుని గాడిగా మడిస్తే సులువుగా వంగదు. తాటాకు మడతలో ఉన్న కిటుకే ఇది. ఆ ఊచలతో గొడుగు సన్నగా చుట్టుకుపోయింది. దొరలు చేతికర్ర మానేసి గొడుగే పట్టుకున్నారు. లోపల కత్తి దాచిన చేతికర్రల్లాగే, లోపల గొడుగు దాచిన చేతికర్రలూ తయారయ్యాయి. కత్తి దాచినదాన్ని మనవాళ్ళు గుప్తి అంటారు.

ఆ దొరలకి కర్ర షోకు. కాలు బాగున్నవాళ్ళు. కాలు బాగాలేని మనిషి చేతిలో పెడితే గానీ ఆ వస్తువులో లోపం బయటపడదు. మా పిల్లలు దాన్ని పది నిమిషాల్లో పట్టుకున్నారు. వాన రానంతసేపూ అది కర్ర. వాన రాగానే గొడుగవుతుంది, అంటే కర్ర ఉండదు. మన నల్లరేగడి గట్టు మీద కర్ర అవసరమయ్యేది ఎప్పుడు? వాన పడ్డప్పుడే. పొడిగా ఉన్న దారిలో ఊతమిచ్చి, జారే దారిలో చెయ్యి వదిలేసే వస్తువుని ఊతకర్ర అనగలమా?

ఈ చిక్కుని నిజంగా అనుభవించినవాడు ఒకడున్నాడు. హాన్స్ హౌప్ట్ అనే జర్మన్, గనుల రంగంలో పనిచేసినవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి చేతికర్రతో నడిచేవాడు. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో పొడుగు గొడుగు మోయడం అతని వల్ల కాలేదు. అతను రెంటినీ కలపలేదు. కర్ర జోలికి పోకుండా గొడుగునే కుదించాడు. కాడ ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలుగా, ఊచలు మడతపడేలా చేశాడు. 1928 నాటి ఆ గొడుక్కి జర్మనీలో క్నిర్ప్స్ అని పేరు వచ్చింది. ఈ రోజు మన పిల్లలు స్కూలు బ్యాగులో పెట్టుకొచ్చే పొట్టి గొడుగుకి అది తాతలాంటిది. కుంటుతూ నడిచే మనిషి అవసరంలోంచి అది వచ్చిందని కొట్టువాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

మా క్లాసులో మూడు నెలలు ఈ పని సాగింది. ముందు లావుపాటి వెదురు తీసుకుని లోపల కణుపు పొరలు పొడిచేసి పొట్టి గొడుగు దూర్చారు. వెదురు చీలకుండా ఆపేవి ఆ కణుపులే. పొరలు పోయిన వెదురు బరువు మోపగానే నిలువునా చీలుతుంది. మా వాళ్ళ ఇళ్ళలో పుట్టిన పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు, దబ్బలు చీల్చేది అలాగే. రెండు చోట్ల ఇనప కట్టు వేస్తే నిలిచింది. మునసబుగారి పొన్ను మా వెదురుకి ఎక్కింది. కానీ గొడుగు పట్టేంత లావు వెదురు ముసలమ్మ గుప్పిట్లో పట్టదు. పై భాగంలో సన్నని పిడి విడిగా బిగించారు. గొడుగు బయటికి తీశాక గొట్టం కర్రగానే మిగులుతుంది, అది మేలు. ఇక్కడ ఆ పిల్ల మొదటి ప్రశ్న తిరిగొచ్చింది. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో గొడుగు. చేపల గంప ఎవరు పడతారు?

గొడుగు చేతిలోనే ఎందుకుండాలి అని ఒకడు అడిగాడు. వాళ్ళ నాయనమ్మ జమ్ముగూడ పెట్టుకునేదట. క్లాసు నవ్వింది, తర్వాత నవ్వు ఆగింది. ఫాక్స్ దగ్గరా హౌప్ట్ దగ్గరా మిగిలిపోయిన లెక్క గూడలో ఎప్పుడో తేలిపోయి ఉంది. నీడ తల మీద, ఊతం చేతిలో, ఇంకో చెయ్యి ఖాళీ. పిల్లలు ఇప్పుడు చేస్తున్న నమూనాలో పొట్టి గొడుగు కాడని భుజం మీది పట్టీకి బిగించారు. కర్ర కర్రగా ఉంది, అడుగున రబ్బరు తొడుగుతో.

కర్ర పొడవు గురించి ఉపాధ్యాయ మిత్రులకి ఒక మాట. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు దగ్గర గీత ఎంత ఎత్తులో వస్తుందో కర్ర అంతే ఉండాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగుతుంది. నొప్పి ఉన్న కాలికి ఎదుటి పక్క చేత్తో పట్టాలి. చాలామంది నొప్పి పక్కనే పడతారు. కొట్లో కొన్న గొడుగుకి ఈ కొలత ఉండదు, అందరికీ ఒకటే పొడవు. దాని మొన బురదలో దిగబడుతుంది, సిమెంటు మీద జారుతుంది. పేద వృద్ధులకి కర్రలు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే కేంద్రం పథకం, రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 2017లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. యానాదులు ఎక్కువగా ఉన్న జిల్లా అది. దారిద్ర్యరేఖ కింద ఉన్న అరవై దాటినవాళ్ళు అర్హులు. కాలవ గట్ల మీద ఉండే మన వాళ్ళలో ఎంతమంది పేర్లు జాబితాకి ఎక్కాయో చూడటం ఆ ఊరి టీచరు చేయగలిగిన పనే.

గొడుగుల తయారీ మన చేతికి రాని పనేమీ కాదు. కేరళలో అట్టప్పాడి ఆదివాసీ మహిళలు కార్తుంబి అనే పేరుతో గొడుగులు కుట్టి అమ్ముతున్నారు. 2024 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆ గొడుగుల ప్రస్తావన వచ్చింది. మన అరకు కాఫీ మాట కూడా ఆ రోజే వచ్చింది గనక మన పత్రికలు కాఫీ గురించే రాశాయి. ఒకప్పుడు గొడుగు పడితే కొట్టిన రాష్ట్రంలో ఆదివాసీ ఆడవాళ్ళు గొడుగులు చేసి ఊరందరికీ అమ్మడం మాకు కాఫీ కంటే పెద్ద కబురు.

మా నమూనాకి ఇంకా ఒక చిక్కు ఉంది, గాలి. కొల్లేటి మీంచి ఈదురుగాలి వస్తే పొట్టి గొడుగు ఊచలు వెనక్కి తిరగబడతాయి. భుజానికి కట్టి ఉంటే మనిషినే లాగుతుంది. జమ్ముగూడ ఒంటికి ఆనుకుని ఉంటుంది గనక గాలికి దొరకదు. గుడ్డనీ ఊచల్నీ వదిలేసి, కొల్లేటి జమ్ముతోనే మడిచి పెట్టుకోగల గూడ అల్లితే ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతున్నారు. అల్లడం వచ్చిన పెద్దలు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే, ఆకు ఎప్పుడు కోస్తారో, ఎన్నాళ్ళు ఆరబెడతారో, మీ భాషలో దాన్ని ఏమంటారో అడిగి రాసి పంపండి. ఈ ఏడు జమ్ము కోతకి ముందే అందితే మాకు పనికొస్తుంది.