పోలీసు జట్టుకు బడి పంతులు

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు శిక్షణ బాధ్యత సయ్యద్ అబ్దుల్ రహీం చేతికొచ్చింది. ఆయన పోలీసు కాదు, బడి పంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగానూ పనిచేశారు.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసి అప్పటికి రెండేళ్లు. క్లబ్బు ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే కాలం. బొంబాయి రోవర్స్ కప్పులో ఈ పోలీసు జట్టు ఆ ఏడాదే విజేతగా నిలిచింది. దేశ విభజన తర్వాత మళ్లీ మొదలైన డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఎదురుగా నిలిచింది కలకత్తా జట్టు మోహన్ బగాన్. మొదటి ఆట 1-1తో తేలలేదు. మళ్లీ ఆడితే 1-0తో కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఒకే సీజన్‌లో రెండు పెద్ద కప్పులు! రోవర్స్ కప్పునైతే 1954 దాకా ఎవరికీ వదల్లేదు. వరుసగా ఐదేళ్లు ఆ కప్పు గెలిచిన జట్టు మరొకటి లేదు.

ఇది ఎలా సాధ్యమైంది? జవాబు రహీం సాబ్ బడి మైదానంలోనే ఉంది. బంతి కాలికి తగిలితే చాలు, నలుగురిని తప్పించి ఒంటరిగా పరుగెత్తాలన్న ఆశ కుర్రాళ్లకు సహజం. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టారు. బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి, అంతే. ఎడమ కాలు చురుగ్గా లేనివాళ్లను ఎడమ కాలితోనే ఆడించే పోటీలు, పొట్టివాళ్లకు విడిగా పోటీలు కూడా జరిపించారు. తిట్టి చెప్పే పాఠం కాదిది. ఆట నియమమే మార్చేస్తే పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారు. ఉపాధ్యాయుడికే తట్టే ఉపాయం.

ఈ సంగతి సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు బడులకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రహీం సాబ్ జట్టు కప్పులు గెలుస్తున్న నాటికి ఇక్కడ నేటి ఫ్యాక్టరీలు, సంస్థలు లేవు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ 1960లలో, ఇక్రిసాట్ పరిశోధన సంస్థ 1972లో వచ్చాయి. నేడు షిఫ్టు డ్యూటీలకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు ఎందరో ఈ బడుల్లో చదువుతున్నారు. డ్రిబ్లింగ్ లేని ఆటకు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక బంతి, గీతలు గీసిన నేల, ఆటల పీరియడును లెక్కల క్లాసుకు ఇచ్చేయని పీఈటీ సారు ఉంటే చాలు.

రహీం భారత జట్టుకూ శిక్షకుడే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం దక్కింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ! మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరిన జట్టులో మన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఉన్నారు. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌పై, జపాన్‌పై గెలిచి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటి, సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా ముందుకు వచ్చింది భారత జట్టు. గాయపడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ నుంచి ముందు వరుసకు మార్చడం రహీం సాబ్ ఎత్తుగడ. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు. తర్వాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా ఆ ఆటతోనే కొనసాగి, 2021 ఆగస్టులో మరణించారు.