ఒక చిన్న వాక్యానికి ప్రతిపదార్థం

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట చేరే ఆల్కహాలిక్స్ అనానిమస్ (వాళ్ల వాడుకలో ఏఏ) మీటింగులో ఎవరు మాట మొదలుపెట్టినా దాదాపు ఇలాగే మొదలుపెడతారు: ‘నా పేరు ఫలానా. నేను ఆల్కహాలిక్‌ని. ఈ రోజు తాగలేదు.’ పద్యానికి చేసినట్టు దీనికీ పదం పదం విడదీసి అర్థం చెప్పుకుంటే, ఆ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చే మనిషికి కాస్త పనికొస్తుంది.

నా పేరు: ఒక్క పేరే. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఇంటిపేరు చెబితే ఊరు, కులం, ఆఖరికి బావమరిది ఉద్యోగం కూడా బయటపడతాయి. అనానిమస్ అంటే ‘అనామకుడు’ అనుకుంటే దారి తప్పుతాం. అనామకుడంటే మనకి లెక్కలోకి రానివాడు. ఇక్కడ ఆ మాటకి అర్థం గుట్టు. గదిలో చూసిన మొహం, విన్న కథ గది దాటకూడదు. సభ్యత్వ రుసుము లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. మధ్యలో ఒక డబ్బా తిరుగుతుంది, ఉన్నవాళ్లు ఉన్నంత వేస్తారు. బయటివాళ్ల విరాళాలు పుచ్చుకోరు.

ఇంత గుట్టుగా ఉండేదాన్ని వెతుక్కోవడం ఎలా? ఏఏ ఇండియా వెబ్‌సైటులో చూడొచ్చు. ఎర్రగడ్డ లాంటి ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ని అడగొచ్చు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు. మీటింగు చర్చి ఆవరణలో పెట్టారని జంకక్కర్లేదు, అది గది దొరికిన చోటు, అంతే. వేదిక, దండలు, ముఖ్య అతిథి ఏవీ ఉండవు. మీటింగ్ అనే మాటకి మనం అలవాటుపడ్డ హంగులన్నీ ఇక్కడ మర్చిపోవాలి.

నేను: వాక్యానికి గుండెకాయ ఈ మాట. ఏఏ పుట్టిన కథలోనే అది తెలుస్తుంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ ఊరికొచ్చాడు. ఆ పని చెడింది. అప్పటికి తాగుడు మాని ఐదు నెలలు. హోటల్ లాబీలో ఓ పక్క బారు, ఓ పక్క ఫోను. బారు వైపు వెళ్లకుండా ఉండాలంటే తనలాంటి తాగుబోతు ఇంకొకడు దొరకాలనిపించి, వరసగా ఫోన్లు చేశాడు. చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌తో కలయిక కుదిరింది. పావుగంట కంటే ఉండనని వచ్చిన డాక్టరు దాదాపు ఆరు గంటలు కూర్చున్నాడు. విల్సన్ నీతులు చెప్పలేదు, తన కథ చెప్పాడు. నేటికీ మీటింగుల పద్ధతి అదే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు అడ్డు తగలరు, సలహా ఇవ్వరు. ఉచిత సలహాల మధ్య పెరిగిన మనకి ఇది మొదట్లో వింతగానే ఉంటుంది.

‘నేను’ అంటే ‘మా ఆయన’ కాదన్నది కూడా గుర్తుండాలి. ఓపెన్ మీటింగుకి ఇంటివాళ్లూ రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఏది ఏదో ముందే అడిగి వెళ్లడం మేలు. భార్యలకి, పిల్లలకి వేరే అల్-అనాన్ ఉంది, 1951లో మొదలైంది.

ఆల్కహాలిక్‌ని: తాగుబోతు అన్నది తిట్టు, మందుబాబు అన్నది సినిమా జోకు. తిట్టూ నవ్వూ రెండూ అంటని మాట కావాల్సొచ్చి ఇంగ్లీషు పదమే ఉండిపోయిందని నాకు అనిపిస్తుంది. ఎవరికి వారు చెప్పుకోవాలే గాని, ఇంకొకరు ఆ పేరు అంటగట్టకూడదు. మీటింగు వైద్యానికి బదులు కాదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ కూడా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఈ రోజు: అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మన ఊళ్లలో ఎందరో. మాల తీసిన సాయంత్రమే సీసా తీసేవాళ్లూ ఉన్నారు. ఆ దీక్షకి చివరి తేదీ ముందే తెలుసు. ‘ఇక ఈ జన్మలో తాగను’ అనే ఒట్టుకి అసలు తేదీయే లేదు, అందుకే ఆదివారం ఫంక్షన్ దాటదు. ఏఏ వాళ్లు రోజుకి సరిపడా ఒట్టు పెట్టుకుంటారు, తెల్లారితే మళ్లీ కొత్తది. చట్టంతో మాన్పించే దారీ మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వేలంపాటని ఆపించారు, 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ పోరాటం గొప్పదే. అయితే చట్టం దుకాణం మూయగలదు, సాయంత్రపు తహతహని ఏమీ చేయలేదు.

తాగలేదు: తాగితే? మళ్లీ రావచ్చు. డాక్టర్ బాబే ఆ మొదటి కలయిక తర్వాత ఒకసారి జారాడు. ఆయన ఆఖరి గుటక వేసిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఫలితం సంగతికొస్తే, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలు కలిపి చూసింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, రోగుల్ని ఏఏకి అలవాటు చేసే పద్ధతులు ఇతర చికిత్సలకి తీసిపోలేదు, కొన్నిటిని మించాయి కూడా.

మొదటిరోజు ఈ వాక్యం నోట రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. ‘వింటాను’ అంటే చాలు. అయిపోయాక టీ దగ్గర ఎవరో ఒకరు ఫోన్ నంబరు ఇస్తారు. దాన్ని జేబులో దాచుకోవడానికి కాదు ఇచ్చింది. రాత్రి ఏడింటికి వైన్ షాపు ముందు బండి ఆగబోతుంటే ఆ నంబరుకి చేయాలి. ఎత్తినతను ముందు అడిగేది, ‘ఎక్కడున్నావు?’