పంతుళ్ళకు పాఠం చెప్పిందెవరు?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల బడుల్లో పనిచేసే టీచర్లకు ఇవాళ శిక్షణకు కొదవలేదు. చేతిలో డీఎడ్డో బీఎడ్డో ఉంటుంది, 2019లో నిష్ఠ శిక్షణ కార్యక్రమం వచ్చింది, ఫోన్ తెరిస్తే దీక్ష కోర్సులు. అయినా రెండు మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి గంటసేపు నడపడం ఎలాగో పక్క బడి మాస్టారినో, సీనియర్ టీచరమ్మనో చూసి నేర్చుకోవలసిందే. దీన్ని వ్యవస్థ లోపం అనుకుంటాం. చరిత్ర చూస్తే అదే అసలు దారి అనిపిస్తుంది. ఈ ప్రాంతంలో బోధన అనే పనితనం తోటి పంతులు దగ్గర నేర్చుకునే వీలున్నంత కాలం నిలబడింది. పైనుంచి కొలిచి, లెక్కగట్టే పద్ధతి వచ్చినప్పుడల్లా కుంటుపడింది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను అడిగాడు. వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక పేరుపడింది. అందులోని 533 బడులు, 6,641 మంది పిల్లలు అన్న అంకెల కన్నా గది లోపల ఏం జరిగేదో చెప్పిన భాగం మనకు ముఖ్యం. పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరం దిద్దేవాడు. కాగితం ఖర్చు లేదు, తప్పు పోతే అరచేత్తో చెరిపి మళ్ళీ రాయొచ్చు. ముందుకెళ్ళిన పిల్లలు వెనకున్నవాళ్ళకు చెప్పేవారు, పంతులు అందరినీ కనిపెట్టుకుని ఉండేవాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సబబేనని కాంప్‌బెల్ రాశాడు. నిజంగానే అనుకరించింది. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్, మలబారు పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో పెట్టించి, 1797లో దానిమీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతి అయింది. ఏ శిక్షణ కళాశాలా నేర్పని మెళకువ అది, వీధిబడి పంతుళ్ళు ఒకరిని చూసి ఒకరు అందిపుచ్చుకున్నది. వీధిబడిని ఇలా పొగిడితే వెంటనే ఎదురుప్రశ్న వస్తుంది: అక్కడ బెత్తం, బట్టీయం తప్ప ఏముంది, ఆడపిల్లలూ దళితులూ ఏరి? న్యాయమైన ప్రశ్నే. అర్థం తెలియకుండా పద్యాలు వల్లించడం కాంప్‌బెల్ కూడా గమనించాడు. ఆ బడి మళ్ళీ రావాలని ఎవరూ కోరనక్కర్లేదు. కానీ ఆ పంతులు ఏం చెప్పాడన్నది వేరు, గదిని ఎలా నడిపాడన్నది వేరు. మొదటిదాన్ని కాదన్న దొరతనం రెండోదాన్నీ పారేసింది.

మన్రో 1826లో వేసిన పథకం పంతుళ్ళను మద్రాసులో తయారుచేసి జిల్లాలకు పంపాలన్నది. కలెక్టరేటు బడి పంతులుకు నెలకు పదిహేను రూపాయలు, తాసిల్దారీ బడి పంతులుకు తొమ్మిది. రైలు లేని రోజుల్లో ఏలూరు నుంచి మద్రాసుకు వెళ్ళి చదువు చెప్పడం నేర్చుకురమ్మంటే ఎందరు కదులుతారు? 1836కల్లా పథకం మూతపడింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కథ కాస్త మారింది. 1854-55లో సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు పెట్టించాడు. చుట్టుపక్కల రైతులు తమ ఊళ్ళకూ బడి కావాలని, ఖర్చు శిస్తుతో కలిపి కడతామని ముందుకొచ్చారని రికార్డులు చెబుతాయి. శిస్తు వసూలు చేసే దొర అడిగితే కాదనేదెవరు అన్న అనుమానం నాకుంది. ఏమైనా, 1863 చట్టం ఆ చందాకు ముద్ర వేశాక పాత ఉత్సాహం మిగల్లేదు. ఆ తర్వాత వచ్చింది ఫలితాల గ్రాంటు: ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష పెడతాడు, ఎందరు గట్టెక్కితే పంతులుకు అంత డబ్బు. చదువు చెప్పడం కాస్తా పిల్లవాణ్ణి ఆ ఒక్కరోజుకు సిద్ధం చేయడంగా మారింది. 1904 విద్యా తీర్మానం దీన్ని తప్పుబట్టేదాకా ఒక తరం పంతుళ్ళు ఈ గానుగలోనే తిరిగారు.

ఎనభై ఏళ్ళ తర్వాత ఒక మంచి ప్రయత్నం జరిగింది, దాన్ని మనం తొందరగా మరిచిపోయాం. 1980ల నడుమ బ్రిటిష్ సాయంతో మొదలై 1989లో రాష్ట్రమంతా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అది, టీచర్లందరూ ఎపెప్ అనేవారు. దాని సూత్రాలు ఆరే: కృత్యాలు టీచరే తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని చేయించాలి, పిల్లల మధ్య తేడాలు గుర్తించాలి, స్థానిక పరిసరాలు వాడుకోవాలి, పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలి. అన్నిటికన్నా విలువైనది, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రం. పరిసరాల సూత్రం ఒక్కటీ కొల్లేటిలో ఎంత దూరం పోతుందో చూడండి. వానల్లో తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీరు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి; నీటిలో పాతిన ఒక కర్రకు అంగుళాల గీతలు గీసి రోజూ నీటిమట్టం రాయిస్తే నాలుగో తరగతికి కొలత, ఐదో తరగతికి గ్రాఫు, రెండో తరగతికి అంకెలు. ఆటపాక గూడబాతులు ఏ నెలలో వచ్చాయో రాయిస్తే పరిసరాల విజ్ఞానం. కొల్లేటి అభయారణ్యానికి హద్దైన ఐదో కాంటూరు అంటే ఏమిటో ఇంట్లో పెద్దల వాదనల్లో ఆ పిల్లలు ఎటూ వింటూనే ఉంటారు. ఇలాంటి పాఠం పై కార్యాలయాల్లో తయారుకాదు. ఒక లంక బడి టీచరు చేసి చూపితే, పక్క లంక టీచరు తన ఊరికి తగ్గట్టు మార్చుకోవాలి. మరి ఎపెప్ ఎందుకు నిలవలేదు? ఆరో సూత్రం ఒక్కటే తనిఖీకి వచ్చిన అధికారి కంటికి గుమ్మంలోనే కనిపించేది. అందుకని గోడల నిండా చార్టులు వేలాడాయి, మిగతా అయిదూ కాగితాల్లో ఉండిపోయాయి.

తనిఖీ లేకపోతే పని ఎగ్గొడతారు కదా అంటారు. హాజరుకు తనిఖీ ఉండాల్సిందే, అందులో మొహమాటం లేదు. వచ్చిన టీచరు బాగా చెప్పడం మాత్రం హాజరు పట్టీతో రాదు. తెలియనివాళ్ళు తెలియనివాళ్ళకేం నేర్పుతారన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దానికి జవాబు డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 విద్యా విధానం తర్వాత పశ్చిమ గోదావరికి దూబచర్లలో వచ్చిన డైట్ ఉన్నదే అందుకు, విషయం తెలిసినవాళ్ళను టీచర్ల మధ్యకు పంపడానికి. తీరా 2022 విభజనలో నల్లజర్ల మండలంతో పాటు దూబచర్ల తూర్పు గోదావరికి వెళ్ళింది, ఏలూరు, తాడేపల్లిగూడెం బడులు వేరే జిల్లాల్లో ఉండిపోయాయి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు మాత్రం ఇప్పటికీ జరుగుతున్నాయి. విద్యాశాఖ చేయవలసింది చిన్నదే: ఆ రోజు ఒక పూట వీడియోలూ ఫార్మాట్లూ పక్కనపెట్టి, ఒక టీచరు నిజం పిల్లలతో పాఠం చెబుతుంటే మిగతావాళ్ళు కూర్చుని చూసి, మాట్లాడుకునే వీలివ్వాలి. ఆ పూటకు ఫోటో అప్‌లోడ్ అడగకూడదు.