ఊపిరి లెక్క నేర్పిన వైద్యుడు

పసిబిడ్డ డొక్కలెగరేస్తూ ఉంటే "జలుబే కదా, అదే పోతుంది" అనుకోవడం మన ఇళ్లలో మామూలు. ఒకరు దిష్టి తీస్తారు, మరొకరు తాయెత్తు కడతారు. తెల్లారేసరికి బిడ్డ చేయి దాటిపోయిన ఇళ్లు ఎన్నో! ఆ జబ్బు పేరు న్యుమోనియా. పల్లెటూరి గుడిసెలోనే దాన్ని పట్టుకోవచ్చునని నిరూపించిన డాక్టర్ అభయ్ బంగ్ కృషిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన 1950లో వార్ధాలో జన్మించారు. గాంధీజీ సేవాగ్రామ వాతావరణంలో పెరిగారు. నాగపూరులో వైద్యం చదివి, భార్య డాక్టర్ రాణీ బంగ్‌తో కలిసి అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రజారోగ్య శాస్త్రం అభ్యసించారు. అక్కడే ఉండిపోక, 1986లో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 'సెర్చ్' అనే సంస్థను స్థాపించారు. ప్రాణహిత, గోదావరి నదులకు అవతల, మన తెలంగాణను ఆనుకుని ఉన్న అడవి జిల్లా అది.

అక్కడ పసివాళ్లను పొట్టన పెట్టుకుంటున్న జబ్బుల్లో న్యుమోనియా ముఖ్యమైనదని తేలింది. ఎక్స్‌రే లేదు, దగ్గర్లో డాక్టరూ లేడు. మరి గుర్తించేదెట్లా? బిడ్డ ఊపిరి వేగమే గుర్తు. రెండు నెలలలోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపైన ఏడాదిలోపు బిడ్డ 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తే ప్రమాదమన్నమాట.

కాని ఊళ్లోని మంత్రసానులకు చదువు లేదు. చాలామందికి పన్నెండు దాటి లెక్క రాదు. "వీళ్లకేం వస్తుంది?" అని బంగ్ దంపతులు వదిలేయలేదు. ఒక పలకకు పూసలు, ఒక నిమిషపు ఇసుక గడియారం అమర్చారు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే ఎర్ర పూస వస్తే న్యుమోనియాగా ఎంచాలి. ఇంత చిన్న ఉపాయంతో అక్షరం రాని చేతులు రోగనిర్ణయం చేశాయి!

మందుగా కోట్రైమాక్సజోల్ ఇచ్చారు. 1990లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. వైద్యం అందిన పల్లెల్లో అయిదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా మరణాలు వెయ్యికి 8.1 కాగా, అందని పల్లెల్లో 17.5. వైద్యం పొందిన 612 కేసుల్లో చనిపోయినవారు నూటికి ఒకరు కూడా లేరు.

అయినా నెల నిండని పసికందుల మరణాలు మిగిలే ఉన్నాయి. పురిటింట్లోకి డాక్టరు రాడు, బాలింతను బయటికి పంపరు. ఆసుపత్రి రాకపోతే ఆసుపత్రి పనినే ఇంటికి తీసుకుపోదామని 1995 నుంచి 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, ఊపిరాడని బిడ్డకు ఊపిరి పోయడం, చీము జబ్బు సోకితే జెంటామైసిన్ సూది వేయడం వారు నేర్చుకున్నారు. చదువు అంతగా లేనివారు సూది వేయవచ్చునా అని ప్రశ్నలు వచ్చాయి. ఆ ప్రశ్నలు సహజమే. జవాబు లెక్కలే చెప్పాయి. మూడవ ఏడు నాటికి నవజాత శిశు మరణాలు వెయ్యికి 62 నుంచి 25.5కు దిగాయి. పోల్చి చూసిన ఇతర గ్రామాల్లో అవి 60 దగ్గరే నిలిచాయి. ఈ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి.

2011లో భారత ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణను దేశమంతటా చేపట్టింది. బంగ్ దంపతులకు 2018లో పద్మశ్రీ లభించింది.

ఈ చరిత్ర మనకెందుకంటే, ఊపిరి లెక్కపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. ఇంట్లో గడియారం ఉంటే చాలు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు నిండు నిమిషం లెక్కించండి. ఊపిరి వేగం పెరిగినా, డొక్క లోపలికి గుంజుకుపోతున్నా, పాలు మానేసినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి. మందు నిర్ణయించేది డాక్టరే. ఆలస్యం కాకుండా చూడవలసింది మాత్రం మనమే. మన పేటలో ప్రతి అమ్మకూ, నాయనమ్మకూ ఈ లెక్క తెలిసిననాడు ఆ అడవి పల్లెల మంత్రసానుల శ్రమ మనకూ ఫలించినట్లే.