ఆంధ్రదేశమున బ్రహ్మధర్మము

రాజా రామమోహన రాయలు 1828లో కలకత్తాయందు నెలకొల్పిన బ్రహ్మసమాజము, 1864లో చెన్నపురియందు వేదసమాజ రూపమున దక్షిణాపథమున అడుగిడి, క్రమముగా రాజమహేంద్రవరము, బందరు, కాకినాడ పట్టణములకు వ్యాపించెను. దానిలో చేరిన ఆంధ్రుల సంఖ్య యెన్నడును స్వల్పమే. అయినను, పరమేశ్వరుడొక్కడే యనియు, ఆయన సర్వమానవులకును తండ్రి యనియు నమ్మినవాడు కులభేదమును పాటించుట అసత్యాచరణమే యగునను నిశ్చయము, ఆ కొలదిమందిచేతనే దుష్కరములైన కార్యములను చేయించెను.

రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు (1848–1919), ఆత్మూరి లక్ష్మీనరసింహముగారి సాహచర్యమున ఈ విశ్వాసమునకు చేరువై, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహమును జరిపించెను. బంధుమిత్రులు వెలివేసి, వంటవారును నీళ్లు తెచ్చువారును పనికి రాక మానివేయగా, ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మ తానే బిందె చంకనిడుకొని గోదావరికి నడచి, నీరు మోసి తెచ్చి, వంట చేసి పెట్టెను. పంతులుగారి ఉపన్యాసములను కొనియాడిన చరిత్రకారులు ఆ యిల్లాలి శ్రమను తగినంతగా గణింపకపోవుట శోచనీయము.

రఘుపతి వేంకటరత్నము నాయుడు (1862–1939) జీవితమున విశ్వాసమును శీలమును వేరుచేసి చూచుట దుస్సాధ్యము. బందరున జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లరు దొరకు శిష్యుడై, పిమ్మట బందరు నోబిల్ కళాశాలయందును సికింద్రాబాదు మహబూబ్ కళాశాలయందును బోధించి, తుదకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలైన యీ ఆచార్యుడు, యౌవనముననే భార్య గతింపగా పునర్వివాహమునకు సమ్మతింపక, తెల్లని వస్త్రములు ధరించి బ్రహ్మచర్యమున జీవించెను. పెద్దమనుష్యుల యింట పెండ్లి యన్నను, దొరలకు విందన్నను భోగముమేళము తప్పనిసరియైన ఆ కాలమున, అట్టి సభలకు పోరాదని ఆయన శిష్యులకు నిర్భయముగా బోధించెను. మద్యపానమును అంత తీవ్రముగనే ఖండించెను. మేళములను మాన్పించిన ఉద్యమము, వానిపైననే బ్రతుకుచుండిన స్త్రీల జీవనోపాధిని గూర్చి చాలినంత యోచింపలేదన్న విమర్శ న్యాయమైనదే. కాని ఆయన బోధకు విరుద్ధమైన నడవడి మాత్రము ఆయన యింట కానరాదు: అస్పృశ్యులని ఊరు వెలుపల నుంచిన కులముల బిడ్డలను ఆయన తన గృహముననే పెంచి చదివించెను.

ఆయన శిష్యులలో పిఠాపురాధీశుడైన సూర్యారావు బహద్దరు, గురువు బోధ మేరకు కాకినాడలో అనాథశరణాలయమును, బ్రహ్మమందిరమును నిర్మింపజేసెను. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడగునప్పటికే నాయుడుగారి ప్రభావము కళాశాలా ప్రాకారములను దాటి సాహిత్యమునకును ప్రాకెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి కవితలోని భక్తిభావమునకు కాకినాడలో ఆయన సన్నిధిని గడపిన విద్యార్థిదశయు ఒక కారణము.