మైనరు

పేపర్లో ‘చోరీ కేసులో మైనరు’ అని చదివితే 16, 17 ఏళ్ల కుర్రాడు కళ్లముందు మెదులుతాడు. పాతకాలం వాళ్లకి మైనరంటే వేరు. సిల్కు లాల్చీ, మెడలో గొలుసు, తాతలు కూడబెట్టింది తగలేసే ‘మైనరు బాబు’. నలభై దాటినా ఆయన మైనరే!

‘చిన్న’ అనే అర్థమున్న ఈ లాటిన్ మాట ఇంగ్లీషు కోర్టుల మీదుగా మన ఊళ్లకొచ్చింది. జమీందారు పోయి, వారసుడు పసివాడైతే ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసేది. 1875 మెజారిటీ చట్టం ప్రకారం మిగతావాళ్లకు 18 ఏళ్లకే మైనారిటీ తీరిపోయేది, ఇలాంటి వారసుడికి మాత్రం 21 దాకా తీరేది కాదు. ఆస్తి ఉంది, పూచీ లేదు. ఎకసెక్కం అక్కడే పుట్టిందని నా అనుమానం.

నేరాల దగ్గర లెక్క మారుతుంది. 7 ఏళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 12 లోపువాళ్లయితే, చేసిందేమిటో తెలిసే పరిపక్వత ఉందా అని చూడాలి. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఈ సూత్రమే భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లలోకి వచ్చింది. 18 నిండనివాళ్లు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తారు. ఘోర నేరమైతే, 16 దాటినవాళ్లని పెద్దల్లా విచారించాలా అన్నది బోర్డు ప్రాథమికంగా పరిశీలించాకే తేలుతుంది.

ఈ పద్ధతి తెచ్చిన 2015 చట్టం వీళ్లని నేరస్థులు అనదు, ‘చట్టంతో ఘర్షణ పడిన బాలలు’ అంటుంది. పేరు, చిరునామా, బడి, ఫొటో పత్రికల్లో రాకూడదంటుంది. అంత పొడుగు మాట హెడ్డింగులో పట్టదు కాబట్టి, సబ్ ఎడిటర్లు ఇప్పటికీ మైనరునే నమ్ముకున్నారు.